గంటల్లేని యాజకుడు

పాఠక మహాశయులారా, ముందుగా సాష్టాంగ క్షమాపణ. కువైట్ మీద ఇరాక్ దండెత్తిన వేళ నేను చూపిన శౌర్యానికి ఈ పత్రికలో పేజీలు చాలవు కనుక, దాన్ని దిగమింగి మరొకరి గురించి రాస్తున్నాను. కువైట్ వదిలి నిన్న బొంబాయిలో విమానం దిగి వచ్చిన మిత్రుడు చెప్పాడు: అక్కడ మేమున్న ఖైతాన్‌లో మా మాస్టారు పోయారు. నిద్రలోనేనట.

మాస్టారంటే మా పక్కగది పెద్దాయన. గుంటూరులో ఫాదరు కావడానికి చదివి, అభిషేకానికి ముందే బయటికి వచ్చేశారు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. కువైట్‌లో స్టోర్‌కీపరు. శుక్రవారం సెలవునాడు చాయ్ ఊదుకుంటూ మాకు ప్రాచీన యూదుల జ్ఞానగ్రంథాలు చెప్పేవారు. వాటిలో ఒక జ్ఞాని రాజులకు పొగడ్త కొలిచి వేశాడట. యాజకుడికి మాత్రం అంగీ అంచున వేలాడే బంగారు గంటల దాకా వర్ణనే.

"మీ నడుముకీ తాళాలు గలగలమంటున్నాయిగా మాస్టారూ!" అన్నాను ఓసారి.

"వెధవా, ఆ గంటలు సోకు కోసం కాదురా. గుడి లోపలొకడు మన కోసం నిలబడ్డాడని బయట జనానికి తెలియాలి. రాజు పని వేరు, బీదవాడి తగువు వినడం. ఇద్దరికీ పని నేర్పేది జ్ఞానమనే తల్లి. ఆవిడ లేకపోతే ఒకడిది ఉత్త కుర్చీ, ఇంకొకడిది ఉత్త బట్ట."

సైన్యం దిగింది. ఏలేవారు దేశం దాటారు. దారినిండా చెక్‌పోస్టులు, సిటీ నుంచి ఫాదరు మా వైపు రాలేకపోయారు. అప్పుడే కింది ఫ్లాటులో భీమవరం డ్రైవరు భార్య నెలలు నిండకుండా ప్రసవించింది. బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా లేదు. జ్ఞానస్నానం ఇమ్మని ఆ తల్లి మాస్టారిని బతిమాలింది.

ప్రాణం మీదికొస్తే ఎవరైనా ఇవ్వొచ్చని మాకు నేర్పింది ఆయనే. అయినా వెనక్కి జరిగారు.

"ఆ అంగీ వద్దనుకుని వచ్చినవాణ్ణమ్మా. నా చేత్తో వద్దు."

"రాజుగారెల్లిపోయారు, ఫాదరుగారు రాలేరు. ఎదురుగా ఉండి తమరు కూడా లేనట్టేనాండీ?"

మాస్టారు తాళాల గుత్తి విప్పి కిటికీలో పెట్టారు. చొక్కా చేతులు మడిచారు. "ఒరేయ్, ఇలా రా" అని నన్ను పిలిచారు.

నీళ్లు పడగానే పిల్ల కెవ్వుమంది. ఇప్పుడు భీమవరంలో ఊరంతా వినేలా ఏడుస్తోందట. ఆనాటి నుంచి జబ్బుపడ్డవాళ్లూ భయపడ్డవాళ్లూ మాస్టారి గది వెతుక్కుంటూ వచ్చేవారు. జోర్డాన్ వెళ్లే బస్సులో చోటు దొరికితే ఆయన ఎక్కలేదు.

"యల్లా మాస్టారూ, బస్సు పోతుంది!" అని అరిచాను.

"నువ్వెళ్లరా. ఇక్కడింకా జనం ఉన్నారుగా."

వెళ్లాను.

ఆ యుద్ధంలో నేను నిజంగా చేసిన పని ఒక్కటే. ఆయన నీళ్లు పోస్తుంటే ఆ పిల్ల తల కింద అరచెయ్యి పెట్టాను. బత్తాయంత తల. వెచ్చగా ఉంది. నా వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఆయన పాదాల మీద పడుతున్నాయి.