చిన్నల్లుడు పెట్టిన ర్యామ్

పెద్దల్లుడిది కంప్యూటర్ల రిపేరు షాపు. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. డబ్బా విప్పకముందే, అది చేసే బీప్ శబ్దం విని రోగం ఏమిటో చెప్పేస్తాడు. అలాంటివాడికి ఈ లోకంలో శత్రువంటూ ఉన్నది ఒక్కడే, తోడల్లుడు. ఆ తోడల్లుడు నీకు చేసిన అపకారం ఏమిటయ్యా అని అడిగితే మాత్రం ఒక్కటీ చెప్పలేడు. ఆ చిన్నల్లుడు పాపం నెమ్మదైన మనిషి. మందుల షాపులో పని. ఎదురుపడితే "అన్నయ్యగారూ" అంటూ లేచి నిలబడతాడు. పెద్దల్లుడికి ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే.

మామగారు ఇళ్ళ ప్లాన్లు గీస్తారు. డెబ్బై దాటినా ఇంట్లోనే ఒక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని గీస్తూనే ఉన్నారు. ఆ కంప్యూటర్ ఎంచి తెచ్చింది, విప్పేది, బిగించేది పెద్దల్లుడే. "మా పెద్దల్లుడుండగా నాకేం భయం" అని మామగారు వచ్చేపోయేవాళ్ళతో అంటుంటారు. అత్తవారింట్లో అతనికి మిగిలిన గొప్ప ఆ ఒక్క మాటే. మిగతావన్నీ చిన్నల్లుడు పట్టుకుపోయాడు. అత్తగారి మోకాళ్ళకు మందులు తెచ్చేది వాడు. ఏ పూట ఏది వేసుకోవాలో గుండ్రటి అక్షరాలతో రాసి డబ్బాలకు అంటించేది వాడు. గోడ గడియారం ఆగితే అడక్కుండానే సెల్లు మార్చేదీ వాడే. పోనీ, కంప్యూటర్ జోలికి రానంతకాలం పెద్దల్లుడు పళ్ళు బిగించుకుని భరించాడు.

ఆర్నెల్ల కిందట వాడు ఆ జోలికీ వచ్చాడు. కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని మామగారు రెండు వారాలు మొత్తుకున్నారు. పెద్దల్లుడు "రేపొస్తా, ఎల్లుండొస్తా" అంటూ గడిపేశాడు. చిన్నల్లుడు ఎక్కడ నేర్చుకున్నాడో ఏమో, మెమరీ పెంచే ర్యామ్ ముక్కలు రెండు కొనుక్కొచ్చి, పెద్దల్లుడు ఎప్పుడో పెట్టిన రెంటి పక్కనే ఖాళీగా ఉన్న స్లాట్లలో బిగించేశాడు.

"చిన్నల్లుడుగారు పది నిమిషాల్లో పెట్టేశారు బాబూ! ఇప్పుడు గుర్రంలా పరిగెడుతోంది" అని అత్తగారు ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆ పూట పెద్దల్లుడికి ముద్ద దిగలేదు.

అందుకే మొన్న ఆ గుర్రం కూలబడిందని తెలియగానే అతనికి పండగైంది. మామగారు గీస్తూ ఉండగా తెర ఉన్నట్టుండి నీలంగా మారిపోయి, మెమరీ ఎర్రర్ అని రాసి, ఆగిపోతోందట. అలా ఆగినప్పుడు ఒక ప్లాన్ ఫైలు పాడైంది. ఎలాగో తెరిచారు గాని అందులో మెట్లు ఎగిరిపోయాయి. మామగారు చూసుకోకుండా ప్రింటు తీసి ఇచ్చేశారు. ఇల్లు కట్టుకునే ఆయన తిరిగొచ్చి, "మేడ మీదికి మమ్మల్ని ఎగిరి వెళ్ళమంటారా సార్?" అని అడిగాడు. నలభై ఏళ్ళ పనిలో మామగారు అంత మాట పడలేదు. మనిషి అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

ఆదివారం ఇంటిల్లిపాదీ ఉండగా పెద్దల్లుడు స్క్రూడ్రైవర్ తీశాడు. మెమరీ అనుమానం వస్తే ఒకటే పద్ధతి: అన్నీ పీకేసి, ఒక్కొక్క ముక్కనే పెట్టి, పరీక్ష చేసే ప్రోగ్రాం నడపాలి. తప్పుంటే తెరమీద ఎర్ర గీతలొస్తాయి. తొందరపడకుండా గంటల తరబడి నడపాలి, ఎందుకంటే కొన్ని తప్పులు ముక్క బాగా వేడెక్కాక గాని బయటపడవు. ఈ మాట షాపుకొచ్చిన ప్రతివాడికీ అతనే పాఠంలా చెబుతాడు. ఆ రోజు మాత్రం చెయ్యి తిన్నగా చిన్నల్లుడు పెట్టిన రెండు ముక్కల మీదికే వెళ్ళింది. వాటిని పీకి జేబులో వేసుకున్నాడు. తనవి రెండూ ఎలా ఉన్నవి అలాగే ఉంచి, అరగంట పరీక్ష నడిపాడు. ఒక్క ఎర్ర గీతా రాలేదు.

"చూశారా మామయ్యగారూ, తెలియనివాళ్ళు చెయ్యి పెడితే ఇలాగే ఉంటుంది" అన్నాడు, చిన్నల్లుడికి వినబడేలా.

మామగారు అటు తిరిగారు. "నువ్వు మందులు చూసుకో నాయనా. ఇకమీదట దీని దగ్గరికి రాకు" అన్నారు.

"అలాగే మామయ్యగారూ" అన్నాడు చిన్నల్లుడు. పెద్దల్లుడు ఇంటికెళ్ళి పసిపిల్లాడిలా నిద్రపోయాడు.

బుధవారం మామగారు ఫోన్ చేశారు. తెర మళ్ళీ నీలంగా మారిందట.

పాడైంది తన ముక్కలేనేమో అని పెద్దల్లుడికి అనుమానం వచ్చింది. అయినా బుద్ధి ఎక్కడికి పోతుంది? జేబులో వేసుకొచ్చిన ఆ రెండు ముక్కల్నీ షాపులో వేరే కంప్యూటర్‌కి పెట్టి పరీక్ష మొదలెట్టాడు. వాటిలో కనీసం ఒక్క తప్పయినా దొరకాలి. గిరాకీని పక్కనపెట్టి తెర ముందే కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఏ కంప్యూటర్ బాగుండాలనీ అంతగా కోరుకోలేదు, ఈ రెండూ పాడై ఉండాలని కోరుకున్నంతగా. గురువారమంతా నడిపాడు. శుక్రవారం మధ్యాహ్నం దాకా నడిపాడు. అవి శుభ్రంగా ఉన్నాయి.

శనివారం ఆ రెండు ముక్కల్నీ సంచిలో వేసుకుని, భార్యను వెంటబెట్టుకుని మామగారింటికి వెళ్ళాడు. ఆయన స్థలం కొలతలకని బయటికెళ్ళారు. తల్లీకూతుళ్ళు వంటింట్లో మాటల్లో పడ్డారు. పెద్దల్లుడు ఈసారి పద్ధతిగా ఒక్కొక్క ముక్కనే పెట్టి చూశాడు. తన మొదటి ముక్క గంటన్నర నడిచినా ఏమీ కాలేదు. రెండోది ముప్పావుగంట బుద్ధిగా ఉండి, ఆ తర్వాత తెరంతా ఎర్ర గీతలతో నింపేసింది. స్లాట్ మార్చి పెట్టాడు, అంతే. బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెట్టాడు, మళ్ళీ అంతే.

చూసినవాళ్ళు లేరు. దాన్ని సంచిలో పడేసి, మంచివి మూడూ బిగించేశాడు. చెప్పాల్సిన అబద్ధం కూడా నాలుక చివర సిద్ధంగా ఉంది: చిన్నల్లుడు పెట్టినవాటి వల్ల తనది కూడా దెబ్బతిన్నదని. మామగారు నమ్ముతారు. "మా పెద్దల్లుడుండగా" అన్న ఆయన మాటా తనకే ఉంటుంది, వాడూ ఇక ఈ గది గడప తొక్కడు.

మామగారు తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నారు. కాసేపటికి అత్తగారి మందులు పట్టుకుని చిన్నల్లుడు కూడా వచ్చాడు. గది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయి, "అన్నయ్యగారూ, మంచినీళ్ళేమైనా కావాలా?" అన్నాడు. లోపలికి మాత్రం అడుగు వెయ్యలేదు. మామగారు రావద్దన్నారుగా.

గుమ్మం దగ్గరే ఆగిన ఆ అడుగు చూడగానే పెద్దల్లుడికి తల కొట్టేసినట్టయింది.

"తప్పు వీడిది కాదు మామయ్యగారూ," అనేశాడు. "పాడైంది నేను పెట్టిన ముక్క. వీడు పెట్టినవి నిక్షేపంలా ఉన్నాయి. ఆ రోజు నేను సరిగ్గా చూడలేదు. చూడబుద్ధి కాలేదు."

వంటింట్లోంచి అత్తగారు, కూతురు వచ్చి నిలబడ్డారు. మామగారు చిన్నల్లుడి వైపు తిరిగి, "మరి ఆ రోజు నువ్వెందుకు నోరు విప్పలేదయ్యా?" అన్నారు.

"పెట్టేముందు రెండు రోజులు మా ఇంట్లో పరీక్ష చేశానండీ. అన్నయ్యగారికి తెలియనిది ఏముంది, ఆయనే చూసుకుంటారులే అనుకున్నాను."

"ఎంత ఓర్పు తండ్రీ నీకు!" అంది అత్తగారు. మామగారు లేచి వెళ్ళి చిన్నల్లుడి భుజం మీద చెయ్యి వేసి గదిలోకి తీసుకొచ్చారు. తన కుర్చీ పక్కనే కూర్చోబెట్టుకున్నారు. వాడి ఓర్పు గురించి, పెద్దవాళ్ళ మీద వాడికున్న గౌరవం గురించి టీలు తాగినంతసేపూ మాట్లాడుకున్నారు. పెద్దల్లుడు డబ్బాకు మూత బిగిస్తూ ఉండిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక తప్పు ఒప్పుకోవడం అతనికి అదే మొదలు. ఆ మెప్పు కూడా వాడికే పోయింది.

భార్యాభర్తలిద్దరూ ఇంటికి నడిచారు. వీధి మలుపు దగ్గర అతని చేతిలోని పనిముట్ల సంచి ఆమె అందుకుంది.

"నాకైతే ఇవాళ మీరే నచ్చారు" అంది.

అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆగాడు. "వాడికంటేనా?" అన్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది. "ఆ మాట అడగకుండా ఉంటే అవుననేదాన్ని" అని, సంచి తిరిగి అతని చేతికిచ్చి ముందు నడిచింది.