మహిపాల్ రాసిన చీటీల మాడ్యూల్

మహిపాల్‌కు ప్రతిదీ భయమే. కామారెడ్డి ఫోటో స్టూడియోలో అతని నోటివెంట ‘ఒకవేళ’ లేకుండా మాట వచ్చిన రోజు లేదు. ఎల్లారెడ్డి బస్సెక్కి టికెట్టు తీసుకుంటూ కండక్టర్‌నూ అడిగాడు: “ఒకవేళ ఎల్లారెడ్డి రాకపోతే?”

“ఊరేడికి పోతదే? మనమే పోవాలె, కూసో!”

అలాంటి మనిషికి స్టూడియో సేటు సిద్దిరాములు ఒక పని అప్పజెప్పాడు. పెళ్లివాళ్లు ఆల్బమ్‌కు ఏరుకున్న ప్రతి ఫోటో ఫైలుకూ, బొమ్మను ముట్టకుండా, కంటికి కనబడని చీటీ తగిలించాలి. ఏ పేజీలో రావాలి, ఎంత సైజు, అన్నీ ఆ చీటీలోనే. దానికోసం మహిపాల్ పైథాన్ అనే కంప్యూటర్ భాషలో మాడ్యూల్, అంటే చిన్న ప్రోగ్రాం, రాయడం మొదలుపెట్టాడు. నాలుగు కమాండ్లు: అంటించు, చదువు, చూపు, పీకెయ్. మొదటి మూడూ ఇట్టే అయిపోయాయి. ‘పీకెయ్’ దగ్గర బండి ఆగింది.

“పీకుడంటే పీకుడే గదరా! గింత ఆలోచనేంది?”

“ఒకవేళ ఒక్కటి పీకబోయి అన్నీ పీకితే, సేటూ?”

“పీకినోళ్లను నేను కొలువుల నుంచి పీకుత!”

ఆ పూట మహిపాల్‌కు అన్నం సహించలేదు.

ఎల్లారెడ్డి బ్రాంచిలో కొత్తగా చేరిన కృపాజ్యోతి ఇదంతా విని పడీపడీ నవ్వింది. లిదియా అనే పెళ్లికూతురి ఆల్బమ్ పని వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది. మొదటి పేజీలో ఎవరి మేనత్త ఉండాలని రెండు వైపులవాళ్లూ కుర్చీలు లేపేదాకా పోయి, చివరికి పెళ్లికూతురి నాయనమ్మ సాలవ్వ గద్దిస్తే ఒప్పుకున్న ఫోటోలవి. ఆ మధ్యాహ్నమే ప్రింటింగ్‌కు పోవాలి. అందులో ఒక మామ కండ్లు మూసుకున్నాడు. ఆ ఒక్క చీటీ తీయబోయి కృపాజ్యోతి మొత్తం ఫోల్డర్‌కు ‘పీకెయ్’ కొట్టేసింది.

‘చూపు’ అని కొట్టింది. ఒక్క చీటీ లేదు. రెండు కుటుంబాలూ మళ్లీ కుర్చీలు లేపుతాయి. తన ఉద్యోగం పోతుంది. అంతలో బయట సేటు బండి ఆగింది. మహిపాల్‌కు ఫోన్ చేసింది.

“అన్నా, చీటీలన్నీ పీకేసిన!”

“ఒకవేళ...”

“ఒకవేళ గాదన్నా, అయిపోయింది! సేటొచ్చిండు!”

ఎన్నడూ లేనంత నిమ్మళంగా వచ్చింది మహిపాల్ గొంతు. “భయపడకు చెల్లె. ‘మళ్లా పెట్టు’ అని కొట్టు. ఐదో కమాండు. సేటుకు చెప్పకుండ చేసిన.”

కొట్టింది. చీటీలన్నీ వరసగా తిరిగొచ్చాయి. మేనత్త మొదటి పేజీలోనే ఉంది. అన్నిటికిందా ఒక లైను మెరిసింది: ‘పీకినవన్నీ పదిలం. తప్పు మహిపాల్‌ది.’

వెనక నిలబడ్డ సిద్దిరాములు అది చదివి ఫోన్ లాక్కున్నాడు. “ఏం తప్పు చేసినవ్‌రా?”

“నాదే సేటూ. ఏదైనా నాదే.”

సేటు నోరు నొప్పి పుట్టేదాకా తిట్టి, ఫోన్ కృపాజ్యోతి చేతిలో పెట్టి చాయ్ తాగడానికి పోయాడు.

“పీకింది నేనైతే నీ పేరెందుకు రాసుకున్నవన్నా?”

“నాకు భయపడుడు అలవాటే చెల్లె. నువ్వు కొత్త గదా. ఇగ ఆ మామనొక్కన్నే పీకు. నేను లైన్లనే ఉంట.”