చెప్పుల పనివారింట్లో యోగా క్లాసు

మా పిన్ని చెప్పులు కుడుతుంది. అందరి కాళ్ళకూ కాదు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకు, మడమ వంకర తిరిగినవాళ్ళకు, చక్కెర జబ్బుతో వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు. పెద్దాసుపత్రి వర్క్‌షాపులో చాలా ఏళ్ళు అదే పని చేసింది. అది మూతపడ్డాక పాదాల ఆకారంలో ఉండే తన కొయ్య అచ్చులన్నీ బండిలో వేసుకొచ్చి, ఇంటి ముందుగదిలో గోడ పొడుగునా తగిలించుకుని అక్కడే పని మొదలుపెట్టింది.

ఒకరోజు ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆసుపత్రికి వెళ్తే వర్క్‌షాపుకి తాళం కనిపించిందట. వాకబు చేసి పిన్ని ఇల్లు పట్టుకునేసరికి నెలలు గడిచిపోయాయి. ఈలోగా బిగుతైపోయిన పాత చెప్పుతోనే నడిచి ఆ పిల్ల పాదం పుండైంది. పిన్ని ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కొలత తీసింది.

"నేనెక్కడున్నానో జనానికి తెలియాలండీ. వెబ్‌సైట్ పెడతా," అంది ఆ సాయంత్రం బాబాయితో.

"తెలిసినవాళ్ళనెవరినైనా పిలుద్దామా?"

"అయిదు నిమిషాల్లో అయిపోతుందని వెబ్‌సైట్లు పెట్టించే కంపెనీవాళ్ళే రాశారు. ఆ మాత్రం దానికి ఇంకో మనిషెందుకు?"

పిన్ని పంతం బాబాయికి తెలుసు.

వెబ్‌సైట్ పేరు ఒక కంపెనీ దగ్గర కొంది. పేజీలు పెట్టుకునే చోటు ఇంకో కంపెనీ దగ్గర అద్దెకు తీసుకుంది. ఆ పేరు కొట్టినవాళ్ళు ఈ చోటికి రావాలని రెండువైపులా చెప్పుకోవాలట. చెప్పింది. ఏమీ తెరుచుకోలేదు. ఇక్కడడిగితే తప్పు అక్కడుందన్నారు, అక్కడడిగితే ఇక్కడుందన్నారు. రెండు రోజులు ఆగమనడంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

ఆగుతూనే పిన్ని తన పేజీ సర్దుకుంది. కుట్టిన చెప్పుల ఫొటోలు, ఇంటికి దారి, పాదం కొలత ఇంట్లోనే ఎలా తీసుకోవచ్చో నాలుగు ముక్కలు. ప్రతి వాక్యం బాబాయికి చదివి వినిపించేది. ఆయన మరీ త్వరగా తలూపితే అనుమానమొచ్చి మళ్ళీ రాసేది.

ఒక ఉదయం ఫోన్ మోగింది.

"మేడమ్, పొద్దున బ్యాచ్ ఎన్నింటికండీ?"

"బ్యాచ్ ఏమిటి? ఇక్కడ చెప్పులు కుడతామండీ."

"పర్లేదండీ, చెప్పులు బయటే విడిచి వస్తాం."

బాబాయి తన ఫోనులో చూశాడు. వెబ్‌సైట్ తెరుచుకుంది. పైన, చేరేటప్పుడు పిన్ని ఇచ్చిన ఫోన్ నంబరు. కింద ఒక సన్నటి అమ్మాయి ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని నవ్వుతోంది. కొత్తగా చేరినవాళ్ళకు ఆ చోటు అద్దెకిచ్చిన కంపెనీ పెట్టి ఇచ్చే నమూనా పేజీ అది. పిన్ని కంప్యూటర్లో మాత్రం చెప్పులే కనిపిస్తున్నాయి.

ఫోన్లు ఆగలేదు. నడుము నొప్పి ఉన్నవాళ్ళు రావచ్చా అని ఒకరు, చాప మేమే తెచ్చుకోవాలా అని ఇంకొకరు. చేతిలో తోలు, నోట్లో సూదిదారం పెట్టుకుని అందరికీ అదే సమాధానం చెప్పలేక పిన్నికి విసుగొచ్చేసింది. కంపెనీవాళ్ళకు చాట్‌లో రాసింది. అవతల ఉన్నది యంత్రం.

"మీ వెబ్‌సైట్ చక్కగా తెరుచుకుంటోంది," అని జవాబు.

"తెరుచుకున్న సంగతి నాకూ తెలుసు. తెరుచుకున్నది నాది కాదు."

"మా సేవ మీకు నచ్చిందా? నక్షత్రాలు ఇవ్వండి."

పిన్ని కుర్చీ వెనక్కి నెట్టి లేచి, సుత్తి తీసుకుని చెక్కముక్క మీద తోలు సాగగొట్టడం మొదలుపెట్టింది. ఆ దెబ్బలకు గోడ మీది అచ్చులు కదిలాయి. "అది సాగే తోలే కదా?" అని బాబాయి తలుపు దగ్గర్నుంచే అడిగి వెళ్ళిపోయాడు.

వెతగ్గా వెతగ్గా ఆ కంపెనీ పేజీలో ఎక్కడో అట్టడుగున ఒక ఫోన్ నంబరు దొరికింది. చాలాసేపు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది. యంత్రం కాదని రూఢి చేసుకున్నాక పిన్ని జరిగిందంతా చెప్పింది.

"మీకు రెండు సైట్లు తయారయ్యాయమ్మా. మీరు సర్దుకుంది ఒకదాంట్లో. పేరు తగిలింది రెండోదానికి."

"మరి అంతా బాగుందని మీ యంత్రం అన్నదే?"

"దానికి రెండూ బాగానే కనిపిస్తాయమ్మా. అక్కర్లేనిది తీసేయమంటారా?"

"తీసేయ్ తల్లీ, పుణ్యముంటుంది."

కాసేపు కీబోర్డు చప్పుడు.

"అమ్మా... పొరపాటు జరిగింది."

యోగా అమ్మాయి మిగిలింది. చెప్పులు పోయాయి. తిరిగి తెప్పించే సదుపాయం పెద్ద ప్లాను తీసుకున్నవాళ్ళకేనట. ఆ మాట చెబుతూనే ఫోన్లో పిల్ల ఏడ్చేసింది.

"ఏడవకు. ఆ ఒంటికాలి మనిషిని ఎలా దింపాలో చెప్పు, చాలు."

ఆ అమ్మాయి తన డ్యూటీ అయిపోయినా ఫోన్ పెట్టలేదు. ఎక్కడ నొక్కాలో, ఏది నొక్కకూడదో ఓపిగ్గా చెబుతూ వచ్చింది. ఈసారి పిన్ని ఎవరికీ చదివి వినిపించలేదు. రెండు ఫొటోలు, ఇంటికి దారి, ఫోన్ నంబరు, 'మీ పాదం ఎలా ఉన్నా రండి' అన్న ఒక్క వాక్యం. బాబాయి ఫోనులోనూ అదే కనిపించింది.

వారం తిరక్కుండానే ఒక ముసలాయన కర్ర ఊతంతో వచ్చాడు. ఆసుపత్రి రోజుల్లో పిన్ని చేత చెప్పులు కుట్టించుకున్నవాడే. మనవరాలు ఫోనులో చూపించిందని చెబుతూ బల్ల మీద కూర్చున్నాడు. పిన్ని ఆయన చెప్పు విప్పి తిరగేసింది. ఆ పొట్టికాలి చెప్పు కింద స్పాంజి ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి ఉన్నాయి.

"ఇదెవరు చేశారు?"

"నేనేనమ్మా. నువ్వు కనపడకపోతే ఏం చేయను?"

"ఇంతకాలం దీంతో ఎలా నడిచారండీ, నడుం విరిగిపోదూ?" అని కోప్పడుతూనే పిన్ని కింద కూర్చుని, ఆయన పాదాన్ని కాగితం మీద ఆనించి, చుట్టూ పెన్సిలుతో గీత గీసింది.