వీపు నేలకు ఆనితే

పంజాగుట్టలో మా కోచ్ చప్పట్లు కొట్టి "జోడీలు పట్టుండ్రి" అన్నప్పుడల్లా నా చేతులు జుట్టు మీదికి పోయేవి. ఫర్నిచర్ షాపు మీద మూడో అంతస్తులో మా జియుజిట్సు క్లాసు, అంటే నేల మీద పడి పట్లతో పోరాడే విద్య. నేలంతా నీలం మ్యాట్లు, ఫినాయిల్ వాసన, కింద ఫ్లైఓవర్ హోరు. అందరూ పక్కవాడి భుజం తట్టి జతలు కట్టేసేవారు. నేను జుట్టు మళ్లీ ముడేసుకుంటున్నట్టు నటిస్తూ గోడ దగ్గర నిలబడేదాన్ని. క్లాసులో ఆడదాన్ని నేనొక్కదాన్నే.

మగవాళ్లలో చాలామంది కృష్ణానగర్ నుంచి వచ్చే సినిమా ఫైటర్లు. తెర మీద కొత్తరకం పట్లు చూపించాలని జియుజిట్సు నేర్చుకునేవారు. మనుషులు మంచివాళ్లే. కానీ దెబ్బ తగలకముందే ఎగిరి పడటం వాళ్ల వృత్తి. నేను చెయ్యి పట్టుకుంటే చాలు, దబ్బున పడి, "మస్తు చేసినవ్ మేడమ్" అని లేచి దులుపుకుని వెళ్లిపోయేవారు. మిగిలినవాళ్లు నన్ను గాజు సామానులా పట్టుకునేవారు. ఆ మర్యాదకి నాకు ఒళ్లు మండేది. మర్యాద కావాలంటే ఆఫీసులోనే కూర్చునేదాన్ని కదా!

ఆఫీసూ పంజాగుట్టలోనే. ఇన్సూరెన్స్ కంపెనీలో ఫోన్లు ఎత్తే పని. కోస్తా నుంచి కంప్యూటర్ కోర్సుకని అమీర్‌పేట వచ్చాను. నాతో వచ్చినవాళ్లంతా ఉద్యోగాలు తెచ్చుకుని గచ్చిబౌలి వైపు తరలిపోయారు. నేను అదే హాస్టల్లో, అదే కిటికీ పక్క మంచం మీద మిగిలిపోయాను. మా అమ్మ నన్ను చిన్నప్పటి నుంచీ ఒంటికాయ సొంటికొమ్ము అనేది. అప్పుడు కోపం వచ్చేది. అమీర్‌పేటలో ఆ మాట నిజమైంది.

జియుజిట్సు ఎందుకు మొదలుపెట్టావని అడిగితే ఆత్మరక్షణ కోసమని చెప్పేదాన్ని. అబద్ధం. ఈ ఊళ్లో నన్ను ఎవరూ ముట్టుకోరు. మెట్రోలో అందరూ ఒకరినొకరు ఆనుకునే నిలబడతారు కానీ అది ముట్టుకోవడం కాదు. ఒక మనిషి బరువు, ఒక మనిషి ఊపిరి నాకు దగ్గరగా కావాలనిపించింది. దానికి గొంతు నొక్కించుకోవలసి వచ్చినా సరేననుకున్నాను.

హాస్టల్లో రాత్రి అన్నాలయ్యాక దుప్పట్లు చుట్టి, చున్నీతో బిగించి, మంచాల మధ్య నేల మీద పడేసి దాని మీద పట్లు అభ్యాసం చేసేదాన్ని. ఒకరోజు అలా దుప్పటి మెడ నొక్కుతుంటే, ఆ పొద్దునే మా గదిలో చేరిన అమ్మాయి మంచం మీద నుంచి తొంగి చూసింది.

"అక్కా, గా దుప్పటి ఏం పాపం చేసింది, గట్ల చంపుతున్నవ్?"

తను ఎస్సై పరీక్ష కోచింగ్ కోసం ఊరి నుంచి వచ్చింది. వాళ్ల నాన్న తాలీంలో, అంటే మట్టిలో కుస్తీ నేర్పే చోట, పిల్లలకు వస్తాదు. ఈమెకూ నేర్పాడు. నేను వెల్లకిలా పడుకుని కాళ్లతో దుప్పటిని చుట్టుకోవడం చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"గిదేం ఆట? కుస్తీల ఈపుకు మన్నంటితే ఒడిసినట్టే. నువ్వు పండుకొని కొట్లాడుతున్నవ్!"

"దమ్ముంటే నన్ను పడెయ్యి, చూద్దాం," అన్నాను.

నా నడుము ఎప్పుడు పట్టుకుందో తెలియలేదు. మంచం మీద వెల్లకిలా ఉన్నాను. గెలిచాననుకుని తను నవ్వుతూ మీద వాలింది. నేను కాళ్లతో చుట్టేసి చెయ్యి వెనక్కి వంచాను. "ఆగక్కా, ఆగాగు!" అని కేక పెట్టింది. మూడో మంచం పిల్ల లేచి కూర్చుని వార్డెన్‌ను పిలుస్తానని బెదిరించింది. ఇద్దరం దిండుల్లో మొహాలు దాచుకుని నవ్వాం. ఆ గదిలో నేను నవ్వడం అదే మొదలు.

మర్నాడు తనను క్లాసుకు తీసుకెళ్లాను. సినిమా ఫైటర్లలో బాగా లావుపాటి ఆయన్ని తను కాళ్లు పట్టి లేపి పడేసింది. ఆయన ఆ ఒక్కసారి మాత్రం నటించలేదు. కోచ్ చంకలు గుద్దుకున్నాడు.

"ఆమె పడగొట్టుడు, నీ కింది ఆట, రెండూ ఒక్కదగ్గర కలిస్తే మస్తుంటది. గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ ఉండే పోటీకి ఒక్క విద్య సరిపోదు. ఒకల్లకొకలు నేర్పుకోండ్రి," అన్నాడు.

ఆ రోజు నుంచి కోచ్ చప్పట్లు కొట్టగానే తను వచ్చి నా మెడ మీద చెయ్యి వేసేది. కుస్తీ పట్టు అలాగే మొదలవుతుంది. అరచెయ్యి గరుగ్గా, వేడిగా ఉండేది. నేను మళ్లీ ఎప్పుడూ ఉత్తినే జుట్టు ముడేసుకోలేదు.

తను నాకు నిలబడటం నేర్పింది. నేను తనకు పడుకోవడం నేర్పబోయాను, అదే రాలేదు. జియుజిట్సులో వెల్లకిలా పడితే ఓటమి కాదు. కాళ్లు అడ్డం పెట్టుకుని అక్కడి నుంచే పోరాడవచ్చు. చేయకూడనిదల్లా బోర్లా తిరగడం. తిరిగితే ఎదుటివాళ్లు వీపెక్కి మెడ పట్టేస్తారు. కానీ తను పడీ పడకముందే పిల్లిలా బోర్లా తిరిగేది. నేను వీపెక్కి మెడ చుట్టూ చెయ్యి వేస్తే, మ్యాట్ మీద కొట్టి ఓటమి ఒప్పుకునేది.

"మళ్లీ వీపు ఇచ్చావ్."

"ఏం జెయ్యాలక్కా? ఈపు నేలకు ఆనుతదంటే పాణం ఒప్పుతలేదు. మా బాపు ఆడ నిలవడి సూస్తున్నట్టే ఉంటది."

క్లాసయ్యాక పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా మెట్రో లైను కిందే నడిచి వచ్చేవాళ్లం. దారి పొడుగునా నేను రాజ్యాంగం ప్రశ్నలు అడిగేదాన్ని, తను బజ్జీలు తింటూ జవాబులు చెప్పేది. తప్పు చెబితే నేను బజ్జీ లాక్కునేదాన్ని. ఫోన్లో అమ్మతో ఏదో చెబుతూ "మస్తుగుందే" అన్నాను. అమ్మ ఆ హైదరాబాదు మాట విని, "ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఇంక నువ్వు మాకు అర్థమవ్వవు," అని నవ్వింది.

కోచ్ నా మొదటి పోటీ ఖాయం చేసిన వారంలోనే తనకు ఎస్సైగా సెలెక్షన్ వచ్చింది. గదిలో ఎగిరాం. తర్వాత తను బట్టలు సర్దుకుంటుంటే నేను మంచం మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. సంతోషంగానే ఉంది. ఏడుపూ వస్తోంది. ఉద్యోగం రాకపోయి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది కూడా.

"నీ కొట్లాట నాడు అస్త అక్కా. ముంగట్నే కూసుంట," అంది.

ట్రైనింగ్‌లో సెలవు ఇవ్వలేదు. అక్కడ ఫోన్ కూడా ఆదివారమే ఇస్తారట. మొదట్లో ఆదివారాలు మాట్లాడుకున్నాం. తర్వాత తనకు కొత్త స్నేహితులు, కొత్త కబుర్లు. నేను "ఊఁ" కొట్టేదాన్ని. తర్వాత ఆదివారాలు ఊరికే గడిచిపోయాయి. తప్పు ఎవరిదీ కాదు. మూడో మంచం పిల్ల కూడా ఖాళీ చేసింది. నేను మళ్లీ దుప్పట్లు చుట్టి చున్నీతో బిగించాను.

పోటీ ఖైరతాబాద్ వైపు ఒక హాల్లో జరిగింది. మొదటి రౌండ్ నాదే. తను నేర్పిన పట్టుతోనే ఎదుటి అమ్మాయి కాళ్లు పట్టి పడేశాను. కోచ్ ఎగిరి గంతేశాడు. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉందేమోనని చూశాను, అన్నీ నిండే ఉన్నాయి. రెండో రౌండ్‌లో ఆ అమ్మాయి నా నడుము పట్టి ఎత్తింది. పడుతున్నాను. పడటం నాకు భయం కాదు, నా ఆట మొదలయ్యేదే అక్కడ. ఇంకో రెప్పపాటులో వెల్లకిలా పడి కాళ్లతో చుట్టేస్తాను.

నేను బోర్లా తిరిగాను.

ఆలోచించి చేసింది కాదు, ఒళ్లు తనంతట తనే తిరిగింది. మెడ చుట్టూ చెయ్యి పడింది. మ్యాట్ మీద కొట్టాను.

"ఈపు ఎందుకిచ్చినవ్? గెలిచే ఆట పోగొట్టుకున్నవ్! ఎవరు నేర్పిండ్రు నీకు గిట్ల తిరుగుమని?" కోచ్ టవల్ నా మీదికి విసిరి అడిగాడు.

టవల్‌తో మొహం తుడుచుకున్నాను. ఎవరు నేర్పారో నాకు తెలుసు. తనకు మాన్పించబోయి నేను అంటించుకున్నాను. ఓడిపోయి, బెంచీ మీద కూర్చుని, మెడ నొప్పితో నవ్వుకున్నాను. వారు వీరవుతారని అమ్మ ఊరికే అనలేదు. తను హాలుకు రాలేకపోయింది కానీ నేను పడినప్పుడు నా ఒంట్లోంచి తనే తిరిగింది. ఆ ఓటమి నాకు గెలుపు కన్నా ఎక్కువ ఇష్టమైంది.

ఆ ఇష్టం కోచ్‌కు ఎలా చెప్పను? ఆ అలవాటు తీయనిదే ఇంకో పోటీకి పంపనన్నాడు. సినిమా ఫైటర్లు ముందుకొచ్చారు. "పడుడు మాకిడిసిపెట్టు మేడమ్, గది మా పనే," అన్నారు. రోజూ వరసగా నన్ను పడేయడం, నేను బోర్లా తిరగడం, కోచ్ తిట్టడం. నాకు మాత్రం తిరిగిన ప్రతిసారీ లోపల చల్లగా ఉండేది. తను నాలో ఇంకా ఉంది, ఇంకా పోలేదు అనుకునేదాన్ని.

మొన్న సాయంత్రం ఆ లావుపాటి ఆయన నన్ను ఎత్తి పడేశాడు. వీపు మ్యాట్‌కు తగిలింది. కాళ్లు వాటంతట అవే లేచి ఆయన నడుము చుట్టుకున్నాయి. నేను తిరగలేదు.

"శభాష్! గిట్ల ఉండాలె!" అని కోచ్ అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన లేచి పక్కకు తప్పుకున్నా నేను అలాగే పడుకుని పైన తిరుగుతున్న ఫ్యాన్‌ను చూస్తూ ఉండిపోయాను. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

కోచ్ కంగారుగా వంగాడు. "దెబ్బ తాకిందా?"

"తగిలింది సర్."

ఎక్కడని అడిగాడు. వీపు చూపించాను.