తమ్ముని కోసం విడిచిన ఖాళీ

పోయిన ఆషాఢం రెండో మంగళవారం, పొద్దున పదీ నలభైకి, ఫోటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్ ఇంక చోటు లేదని ఎర్రగీత చూపించింది. టీచరుగా రిటైరైనంక మా ఇంటి శుభకార్యాల ఫోటోలన్నీ తేదీలు రాసి అందులో పెట్టుకుంటున్న. కరీంనగర్‌లో మా ఇంట్లో నాకు ఇష్టమైన పని అదొక్కటే.

ఆ రోజు చొప్పదండి నుంచి తమ్ముడు, మరదలు వచ్చి నా పక్కనే కూర్చున్నరు. తమ్ముడు మస్కట్ నుంచి ఇరవై రెండేండ్లకు మొత్తానికే వచ్చి అప్పటికి నెల. మధ్యలో సెలవు మీద వచ్చిండు గానీ ఒక్క పెండ్లికీ అందలేదు. మా కన్నతల్లి, అవ్వ పోయినప్పుడు కూడా రాలేకపోయిండు.

గల్ఫ్‌కు పోయినోళ్లున్న ఇండ్లలో ఫోటోకు నిలబడేటప్పుడు వరుసలో ఒక మనిషి పట్టేంత ఖాళీ విడుస్తరు. తర్వాత స్టూడియో అతను అక్కడ ఆ మనిషి బొమ్మ అతికిస్తడు. మాకు అట్ల ఏడు శుభకార్యాలు. ఒక్కోదానికి రెండు ఫోటోలు: ఖాళీ ఉన్నదొకటి, తమ్ముణ్ని అతికించినదొకటి. అన్నిట్లో అదే ముఖం, అదే నీలం అంగి.

"నేను లేనియి తీసెయ్యక్కా. ఉన్నయి చాలు," అన్నడు తమ్ముడు.

"ఉన్నవాట్ల మాత్రం నువ్వున్నవా? ఇరవై ఏండ్లు ఒక్క అంగి మీద ఎల్లదీసినవ్," అన్నది మరదలు. తమ్ముడు నవ్విండు.

ఒక్కో జతలో అతికించిన ఫోటో ఉందని చూసుకున్నంకనే ఖాళీదాని మీద నొక్కిన. జాబితాలోంచి తియ్యాల్నా, డిస్కులోంచి కూడా తియ్యాల్నా అని అడిగింది. సగం పని నాకు గిట్టదు. డిస్కులోంచే అన్న. ఆరు తీసేసి చెత్తబుట్ట కూడా ఖాళీ చేసిన. తెర మీద చిన్న బొమ్మలవి, ముఖాలే సరిగ్గ ఆనలేదు.

ఏడోది భైంసాలో మా చెల్లె బిడ్డ పెండ్లిది. దానికి తేదీ రాసి లేదు. అతికించినదాంట్లో వెనక తేదీ రాసిన బోర్డుకు తమ్ముడు అడ్డమున్నడు. తేదీ కోసం ఖాళీదాన్ని పెద్దగ చేసిన.

"అవ్వ చెయ్యెందుకట్ల లేపింది?" అన్నడు తమ్ముడు.

ఖాళీ పక్కనే అవ్వ. కుడిచెయ్యి తలకంటే ఎత్తున గాలిలో ఉంది, అరచెయ్యి కిందికి.

"నీ భుజం మీద ఏసింది," అన్నది మరదలు. "ఫోటో ఆయన 'ఆజీ, చెయ్యి దించు' అని ఒకటే మొత్తుకునుడు. 'నా కొడుకు మీద చెయ్యేస్తే నీకేం పరేషాన్ రా' అన్నది. ఏ ఫోటోకైనా గంతే."

అప్పటికి అవ్వ నడుము వంగిపోయింది. తమ్ముడు మస్కట్ పోయిననాడు వాని భుజం ఎంత ఎత్తున్నదో చెయ్యి అంత ఎత్తుకే లేపింది. అందుకోసం మునికాళ్ల మీద నిలబడింది. నేనూ అదే వరుసలో ఉన్న, కెమెరా దిక్కు చూసుకుంట.

అతికించిన ఫోటో తెరిచి చూసినం. నీలం అంగి భుజం అవ్వ చెయ్యి మీదికి వచ్చింది. మణికట్టు నుంచి అవతల ఏం లేదు.

"మిగిలినయి చూపియ్యక్కా."

"తీసేసిన గద."

"మల్ల రావా?"

చెత్తబుట్ట తెరిచి చూపించిన. స్టూడియోలకు ఫోన్ చేస్తే, అతికించినవే ఉంచుతం, ఖాళీవి ఎందుకుంచుతమమ్మా అన్నరు. కంప్యూటర్లు బాగుచేసే అతను రెండు రోజులు పెట్టుకొని, ఏం దొరకలేదని తిరిగిచ్చిండు.

ఖాళీ ఉన్న ఫోటో పూర్తికానిదని అనుకున్న ఇన్నేండ్లు. అవ్వ లెక్కలో అది నిండిందే.

తమ్ముడు కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నడు. అన్నానికి పిలిచినా లేవలేదు. బోర్డు మీది తేదీ చూసి ఆ ఫోటో కింద రాసి పెట్టిన.

ఉన్నవి: అతికించినవి ఏడు, ఖాళీ ఉన్నది ఒకటి. పోయినవి ఆరు. ఆరింటిలోనూ అవ్వ కుడిచెయ్యి.