తగ్గించిన ఒళ్ళు

ఇనుప ఖనిజం గూడ్సుకి దారిస్తూ మా కిరండూల్ పాసింజరు గీదం స్టేషన్లో ఆగిపోయింది. ఆ లైన్లో ఎవరు క్యారేజీ విప్పినా పక్కవాళ్ళకి పెట్టాకే తింటారు. ఎదుటి సీటులో కూర్చున్న పెద్దావిడకి పులిహోర ఇవ్వబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టి, తన డబ్బాలోంచి ఉడకబెట్టిన చప్పటి సొరకాయ ముక్కలు తీసుకుంది. లోపలికి కుట్లు వేసి బిగించినా ఆమె జాకెట్టు భుజం మీంచి జారుతోంది.

“ఇంతలా ఎలా తగ్గారు పిన్నిగారూ?” నా ఒంటిని చూసుకుంటూ అడిగాను.

“రాత్రి కూడు మానీసినాను. సోమారం, శనారం ఉపాసం. ఒళ్ళు తగ్గితేగానీ నీ కిడ్నీ తియ్యలేం అని విశాఖపట్నంలో డాక్టరు అన్నాడమ్మా. మా పాపకి ఇద్దామని.”

“మరి ఇచ్చారా?”

“నాను తగ్గేసరికి అది నేదు. దినకార్యం కూడా అయిపోనాది.”

పులిహోర మళ్ళీ ఆమె వైపు జరిపి, “ఇంక తినొచ్చు కదండీ” అన్నాను.

“తింతే మళ్ళీ ఒళ్ళొచ్చేస్తాది. దాని కోసం తగ్గించినాను గదా.”

కిటికీ అవతల ఖనిజం పెట్టెలు పోతూనే ఉన్నాయి. ఆమె చివరి ముక్క కూడా నమిలి, జాకెట్టు భుజం మీదకి లాక్కుంది.

ఇప్పటికీ ఎవరైనా సన్నబడి కనిపిస్తే, బాగున్నారని అనబోయి ఆగిపోతాను.