పుర్రచెయ్యి కుట్టిన ఆకులు

మా అమ్మమ్మకి తాతమ్మ ఒకావిడ ఉండేది. అన్నీ ఎడంచేత్తోనే చేసేది కాబట్టి అందరూ పుర్రచెయ్యి అనేవాళ్ళు. పెద్దింట్లో ఆవిడ ఉద్యోగం ఏంటో తెలుసా? అమ్మగారి సూదిలో దారం ఎక్కించడం. అంతే! దానికో మనిషి!

అప్పటి గొప్పింటి ఆడవాళ్ళ రోజు అలా ఉండేది మరి. పొద్దున్నే జడ వేయించుకోడానికి గంట. ఏం కట్టుకోవాలో తేల్చుకోడానికి ఇంకో గంట. భోజనం, కునుకు, ఆ తర్వాత చట్రానికి గుడ్డ బిగించి పువ్వులు కుట్టుకోవడం. సాయంత్రం చుట్టుపక్కల ఆడవాళ్ళొస్తే పేకాట, ఒకళ్ళ కుట్టు ఒకళ్ళు చూసి మెచ్చుకోవడం. తీరికే వాళ్ళకి ఉద్యోగం. కానీ దానికీ కళ్ళు కావాలి కదా!

అమ్మగారికి నలభై నిండకుండానే చూపు మసకేసింది.

"ఏమే, ఈ ఆకు ఏ రంగులో కుట్టాను?"

"నీలం అమ్మగారూ."

"నీలం ఆకా? చంపావు పో! మా అత్తగారు చూడకముందే విప్పెయ్."

సంగతేంటంటే, కొట్టుగది తాళాలు పెద్దకోడలిగా అమ్మగారి నడుముకే వేలాడేవి. చూపు లేదని తెలిస్తే అవి చిన్నకోడలి నడుము ఎక్కేస్తాయి. కుట్టని అమ్మగారికి దారం ఎక్కించే మనిషి దేనికి? పుర్రచెయ్యి కొలువు కూడా గోవిందా! అందుకే ఇల్లంతా కునుకు తీసే వేళ తలుపు దగ్గరికేసి ఆవిడే కుట్టేది. అమ్మగారు పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. ఆర్నెల్లు గడిచాయి. పెద్ద దుప్పటి, దాని నిండా తీగలు, ఆకులు.

ఒక సాయంత్రం ఆ దుప్పటి అందరి ముందూ పరిచారు. అందరూ ఆహా ఓహో. చిన్నకోడలు మాత్రం ముక్కు ఆనించి మరీ చూసింది.

"అక్కయ్యా, ఈ మూల కుట్లన్నీ కుడివైపు వాలాయి. మిగతావన్నీ ఎడమవైపు వాలాయేంటి? నువ్వు చెయ్యి మార్చావా, చెయ్యే మారిందా?"

గోడవారగా నిలబడ్డ పుర్రచెయ్యికి ఎడంచెయ్యి వీపు వెనక్కి పోయింది, దానంతటదే. కుట్టు వాలుతుందని ఆవిడకెప్పుడూ తట్టనేలేదు పాపం!

అమ్మగారు కాసేపు దుప్పటిని వేళ్ళతో తడిమింది.

"మారింది చెల్లీ. కుడివైపువి నావి. అక్కడికి నా కళ్ళు అయిపోయాయి. మిగతాదంతా దీని చెయ్యి," అంటూ నడుము నుంచి తాళాలగుత్తి తీసి అత్తగారి ముందు పెట్టింది.

అత్తగారు తాళాలు ముట్టుకోలేదు. తను ఆనుకున్న దిండు లాగి చిన్నకోడలి ఒళ్ళోకి విసిరింది. ఆ దిండు మీది నెమలి గురించి ఇరవై ఏళ్ళుగా ఊరంతా చెప్పుకునేది.

"గలీబు తిరగేసి చూడవే, ఆరిందా!"

లోపలివైపు ముళ్ళు మూడు రకాలుగా ఉన్నాయి.

"ముగ్గురు పనిమనుషులు కుట్టారు. నేను కుట్టింది ఆ కన్నొక్కటే, అదీ వంకరే. ఏమ్మా, మీలో ఎవరి దిండు తిరగేద్దాం?" అని చుట్టూ చూసింది.

అందరికీ ఒక్కసారే పేకముక్కలు గుర్తొచ్చాయి.

అత్తగారు గుత్తి తీసి పెద్దకోడలి చేతిలో పెట్టింది. "కొట్టుగదిలో ఏది ఎక్కడుందో నీకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఉంచుకో," అని పుర్రచెయ్యి వైపు తిరిగింది. "నువ్వెందుకే అలా నిలబడ్డావు? ఆ చెయ్యి ముందుకి తియ్యి."

మర్నాటి నుంచి తలుపు దగ్గరికెయ్యలేదు. హాల్లో కిటికీ పక్కన, అందరూ చూస్తుండగా పుర్రచెయ్యి కుట్టేది. అమ్మగారు పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ దారాలు విడదీసేది, వేళ్ళతోనే. వారం తిరక్కుండా చిన్నకోడలు కూడా తన చట్రం పట్టుకొచ్చింది.

"ఇదిగో, నాకూ ఓ నాలుగు ఆకులు వేసి పెట్టవే. ఎటు వాలినా ఫర్లేదు."